పేగు క్యాన్సర్ లివర్‌కు పాకినప్పుడు కీహోల్ ఆపరేషన్ దాకా ఎలా వెళ్లాలి, దారిలో ఏమేం అడగాలి

రిపోర్టులో లివర్‌లో మచ్చలున్నాయని కనబడగానే ఇంట్లో రెండు మాటలు పుడతాయి. "నాలుగో స్టేజ్ కదా, ఇంకేముంది" అనేది మొదటిది. "ఇప్పుడంతా చిన్న చిల్లులు పెట్టి తీసేస్తున్నారట, భయం లేదు" అనేది రెండోది. ఇది ఎక్కువగా ఫోన్‌లో వస్తుంది. మొదటి మాట తప్పు, రెండోది సగమే నిజం. మా బావగారి ఫైలు చంకలో పెట్టుకుని తిరిగిన రోజుల్లో నేను రెండూ నమ్మాను. లివర్ సర్జన్ ఎదురుగా కూర్చోగానే "కీహోల్‌లో అవుతుందా సార్?" అనే అడిగాను. "అది నాలుగో ప్రశ్న. మొదటి మూడూ అడగండి" అన్నారాయన. ఆ మూడూ ఏమిటో నాకు తెలియనే తెలియదు.

తెలుసుకున్న వరస ఇక్కడ రాస్తున్నాను. మీ కేసులో తుది మాట మీ డాక్టర్లదే. వాళ్ల ముందు కూర్చునేసరికి మీ చేతిలో సరైన కాగితాలు, మనసులో సరైన ప్రశ్నలు ఉంటే చాలు.

ముందు లివర్ సంగతి

పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం దాన్ని ముందు లివర్‌కు చేరుస్తుంది. పేగులోని గడ్డ నుంచి ఊడిపడిన క్యాన్సర్ కణాలూ ఆ దారినే వెళ్లి అక్కడ చిక్కుకుంటాయి. అందుకే ఈ జబ్బు పాకితే ఎక్కువగా ముందు కనబడే చోటు లివరే. మలాశయం కింది భాగం రక్తానికి మాత్రం ఇంకో దారి కూడా ఉంది. అది లివర్‌ను తప్పించుకుని ఊపిరితిత్తుల వైపు పోతుంది కాబట్టి ఛాతీ స్కాన్ కూడా తప్పదు.

చాలా క్యాన్సర్లలో వేరే అవయవానికి పాకిందంటే ఆపరేషన్ మాటే ఉండదు. ఇక్కడ ఉంటుంది. లివర్‌లో ఉన్నవన్నీ పూర్తిగా తీయగలిగిన వాళ్లలో పది మందికి నలుగురైదుగురు ఐదేళ్ల తర్వాతా బతికి ఉంటున్నారు. కొందరికి జబ్బు మళ్లీ రావడం లేదు కూడా. అయితే మొదటి స్కాన్ నాటికే ఆపరేషన్‌కు వీలయ్యేవాళ్లు పది మందిలో ఇద్దరి దాకానే. కీమోకు గడ్డలు తగ్గి తర్వాత ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు వీళ్లకు అదనం.

మొదట కాగితాలు, అందులోనూ ఎంఆర్ఐ

కొలనోస్కోపీ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు, ఛాతీ నుంచి పొత్తికడుపు దాకా కాంట్రాస్ట్‌తో తీసిన సీటీ, సీఈఏ రక్తపరీక్ష (ఈ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచేది), లివర్ ఎంఆర్ఐ ఒకే ఫైల్లో తేదీల వారీగా పెట్టండి. స్కాన్ రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. సర్జన్‌కు రేడియాలజిస్టు రాసిన పేరా కంటే బొమ్మలే ముఖ్యం.

ఇందులో ఎక్కువగా జారిపోయేది లివర్ ఎంఆర్ఐ. దాన్ని కీమో మొదటి సైకిల్, అంటే మొదటి విడత, ఎక్కకముందే తీయించాలి. కీమో బాగా పనిచేస్తే చిన్న మచ్చలు సీటీలో మాయమవుతాయి. ఇంట్లో అందరికీ సంబరం, సర్జన్‌కు తలనొప్పి. కనబడనంత మాత్రాన అక్కడి కణాలు చచ్చాయని కాదు, చాలాసార్లు బతికే ఉంటాయి. పైగా కొన్ని మందులకు లివర్‌లో కొవ్వు పేరుకుని ఉన్న మచ్చ కూడా సీటీలో కప్పబడిపోతుంది. ముందు ఎక్కడుందో తెలిపే స్పష్టమైన బొమ్మ లేకపోతే, తీయాల్సిన చోటు ఏదో తేల్చడం కష్టం. కొన్నిచోట్ల మరీ చిన్న మచ్చల పక్కన కీమోకు ముందే సన్నని లోహపు గుర్తు కూడా పెడతారు.

మా బావగారికి మూడు సైకిళ్లయ్యాక గానీ ఎంఆర్ఐ తీయలేదు. పాత సీటీలో నాలుగు, ఎంఆర్ఐలో మూడు. ఆ నాలుగోది ఏమైందన్న చర్చకే రెండు వారాలు పోయాయి. ఆ రెండు వారాల టెన్షన్ శత్రువుకు కూడా వద్దు.

తీసిన బయాప్సీ ముక్క మీదే క్యాన్సర్ కణాల జన్యువుల్లో మార్పులు చూసే ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, ఎంఎస్ఐ అనే పరీక్షలు చేయిస్తారు. ఆర్ఏఎస్‌లో మార్పు ఉంటే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ లాంటి మందులు పనిచేయవు. ఎంఎస్ఐ ఎక్కువగా ఉంటే దారి ఇమ్యునోథెరపీ వైపు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందుల వైపు తిరగొచ్చు. బీఆర్ఏఎఫ్‌లో వీ600ఈ అనే మార్పు ఉంటే జబ్బు దూకుడుగా ఉంటుంది కనుక, ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఇంకాస్త ఆలోచించి తేలుస్తారు.

ఇంకో జాగ్రత్త. లివర్ మచ్చలోకి సూది పెట్టి ముక్క తీద్దామని ఎవరైనా అంటే, "లివర్ సర్జన్ చూశారా డాక్టర్ గారూ?" అని అడగండి. పేగు బయాప్సీ ఉండి, స్కాన్లలో విషయం స్పష్టంగా ఉండి, ఆపరేషన్‌కు వీలున్నప్పుడు సాధారణంగా సూది పెట్టరు. సూది వచ్చిన దారి వెంట కణాలు పడే ప్రమాదం కొంత ఉంది.

తర్వాత, లివర్ సర్జన్ కంట పడటం

ఆపరేషన్ కుదరదు అని మీకు చెప్పింది ఎవరు? లివర్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ చెబితే అది ఒక అభిప్రాయం. స్కాన్ సెంటర్లోనో, వేరే జబ్బులు చూసే డాక్టరో చెబితే దాన్ని ఆఖరి మాటగా తీసుకోకండి. ఒకరు కుదరదన్న కేసును, రోజూ ఇదే పని చేసే మరొకరు చేసిన సందర్భాలు బోలెడు. రెండో అభిప్రాయం అడిగితే మీ డాక్టరు నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు. మంచి డాక్టరు సీడీ తానే కాపీ చేయించి ఇస్తారు.

పెద్ద ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు ఉంటుంది. పేగు సర్జన్, లివర్ సర్జన్, కీమో డాక్టరు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని కేసు చూస్తారు. "మా కేసు బోర్డులో పెట్టారా, ఏం తేల్చారు?" అని అడిగి, ఆ నిర్ణయం రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలు

మొదటిది: ఉన్నవన్నీ తీయగలరా? పది మచ్చల్లో తొమ్మిది తీసి ఒకటి వదిలేస్తే ఆపరేషన్ చేసిన ఫలితం దాదాపు దక్కదు. ఒకప్పుడు మచ్చలు మూడుకు మించితే చేసేవాళ్లు కాదు. ఇప్పుడు లెక్కకంటే అవి ఉన్న చోటు ముఖ్యం. 1950లలో క్వినో అనే ఫ్రెంచి సర్జన్ లివర్‌ను రక్తనాళాల ప్రకారం 8 భాగాలుగా చూపించారు. నేటికీ రిపోర్టుల్లో "సెగ్మెంట్ 6" అని రాసేది ఆ లెక్కే. పెద్ద రక్తనాళాన్ని ఆనుకున్న ఒక్క మచ్చ, అంచున విడివిడిగా ఉన్న ఐదు మచ్చలకంటే కష్టం కావచ్చు. ఊపిరితిత్తుల్లో ఒకటి రెండు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు, వాటినీ తీయడానికి వీలుందేమో చూస్తారు.

రెండోది: తీశాక మిగిలే లివర్ సరిపోతుందా? లివర్ మళ్లీ పెరిగే అవయవం కాబట్టే ఇంత ధైర్యంగా కోస్తారు. కానీ పెరిగేలోపు రోజులు నెట్టుకురావడానికి కొంత మిగలాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే మొత్తంలో కనీసం 20 నుంచి 25 శాతం, చాలా సైకిళ్లు కీమో తీసుకున్నదైతే 30 శాతం, సిర్రోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం) ఉంటే 40 శాతం మిగలాలన్నది సర్జన్లు వాడే లెక్క. దీన్ని సీటీ బొమ్మల మీద కొలుస్తారు. చాలకపోతే పోర్టల్ వెయిన్ ఎంబొలైజేషన్ ఉంది. తీసేయబోయే వైపు వెళ్లే పోర్టల్ సిర కొమ్మను సన్నని గొట్టం ద్వారా మూసేస్తారు. రక్తమంతా రెండో వైపు మళ్లి, నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ భాగం పెరుగుతుంది. రెండు వైపులా మచ్చలుంటే రెండు విడతల్లో ఆపరేషన్ చేయడమూ ఉంది.

మూడోది: ఏది ముందు, ఏది తర్వాత? పేగు గడ్డ దారి మూసేస్తున్నా, రక్తం బాగా పోతున్నా ముందు దాని సంగతే చూస్తారు. అలాంటి అత్యవసరం లేకపోతే పేగు ముందా, లివర్ ముందా, రెండూ ఒకేసారా అన్న మూడు దారులూ ఉన్నాయి. రెండూ చిన్న ఆపరేషన్లే అయితే ఒకే మత్తులో చేయొచ్చు. రెండూ పెద్దవైతే విడదీయడమే క్షేమం. "ఒకేసారి అయిపోతే పీడా పోతుంది" అని మనమే ఒత్తిడి తెస్తాం, అది మానుకోవాలి.

కీమో విషయంలోనూ మనది ఇలాంటి ఆత్రమే. "బాగా పనిచేస్తోంది కదా, ఇంకో నాలుగు సైకిళ్లు ఇవ్వండి" అంటాం. ఆక్సాలిప్లాటిన్ లివర్‌లోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది, ఇరినోటెకాన్ కొవ్వుతో కూడిన వాపు తెస్తుంది. సైకిళ్లు పెరిగే కొద్దీ కోయాల్సిన లివర్ బలహీనపడుతుంది, రక్తస్రావమూ పెరుగుతుంది. తీయడానికి వీలైన రోజే సర్జన్ చేతికి వెళ్లాలి. ఆఖరి కీమోకు, ఆపరేషన్‌కు మధ్య సుమారు నాలుగు వారాల విరామం ఇస్తారు. మందుల్లో బెవాసిజుమాబ్ ఉంటే దానికి దాదాపు ఆరు వారాలు ఆగుతారు, ఎందుకంటే అది గాయం మానడాన్ని అడ్డుకుంటుంది. ఆ మందు చివరిసారి ఎక్కిన తేదీ ఫైలు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి.

నాలుగో ప్రశ్న: కీహోల్‌లో అవుతుందా?

ఇప్పుడు అడగండి. పొట్ట మీద అర సెంటీమీటరు నుంచి సుమారు సెంటీమీటరు దాకా ఉండే నాలుగైదు రంధ్రాలు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, కెమెరా చూపే బొమ్మను బట్టి చేసే ఆపరేషన్ ఇది. తీసిన ముక్కను సంచిలో వేసి, ఎక్కువగా పొత్తికడుపు కింద చిన్న కోత పెట్టి బయటికి తెస్తారు. రోబో అంటే యంత్రం తనంతట తాను కోసేయడం కాదు. సర్జనే పక్కన కూర్చుని మీటలు కదిలిస్తుంటే పరికరాల కొనలు లోపల మణికట్టులా తిరుగుతాయి. ల్యాప్రోస్కోపీలో, అంటే రోబో లేని మామూలు కీహోల్‌లో, చేయి తిరిగిన సర్జన్ ఉన్నప్పుడు రోబో లేదని బెంగపడక్కర్లేదు.

ఇది క్యాన్సర్ విషయంలో రాజీ కాదా అనేది సహజమైన భయం. దీన్ని నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో సరిగ్గా ఇలాంటి 280 మంది రోగుల మీదే, ఎవరికి ఏ ఆపరేషన్ అన్నది లాటరీ పద్ధతిన పంచి తేల్చారు. లివర్‌లో మచ్చ, దాని చుట్టూ కొంచెం మాత్రమే తీసే ఆపరేషన్లు అవి. ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు కీహోల్ వాళ్లలో 19 శాతం, పొట్ట కోసిన వాళ్లలో 31 శాతం. ఆసుపత్రిలో ఉన్నది 53 గంటలు, 96 గంటలు. ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్లు మాత్రం 54 శాతం, 55 శాతం, అంటే తేడా లేనట్టే. లివర్‌లో సగం తీసే పెద్ద ఆపరేషన్లలోనూ కీహోల్ వాళ్లు కొంచెం త్వరగా కోలుకున్నారని 2024లో మరో పెద్ద ట్రయల్ చూపింది. మొత్తం మీద చిన్న రంధ్రాలు మీ నొప్పిని, మంచంలో ఉండే రోజులను తగ్గిస్తాయి, ఆయుష్షును పెంచవు, తగ్గించవు.

అందుకే సర్జన్ "మీకు పొట్ట కోసే చేస్తాను" అంటే అది తక్కువ రకం వైద్యం అనుకోకండి. లివర్ ముందు వైపు, అంచుల్లో ఉన్నవి కీహోల్‌కు సులువు. వెనుక పైభాగంలో, డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) కింద దాక్కున్న 7, 8 సెగ్మెంట్లలోవి కష్టం. పెద్ద సిరలను ఆనుకున్నవి, చాలా చోట్ల చెదిరినవి, పాత ఆపరేషన్ల అతుకులు ఎక్కువగా ఉన్నవి ఒక్కో సర్జన్ ఒక్కోలా చూస్తారు.

అడగాల్సినవి సూటిగా అడగండి. ఇలాంటి చోట ఉన్న మచ్చను కీహోల్‌లో ఏడాదికి ఎన్ని చేస్తారు? మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చేది ఎంతమందికి? మావారికి ఏ భాగం తీస్తారు, ఎంత మిగులుతుంది? మధ్యలో పొట్ట కోయడాన్ని ఓటమి అనుకోకండి. రక్తం ఎక్కువ పోతున్నప్పుడు, మచ్చ అంచు తేలనప్పుడు పట్టుదలకు పోకుండా కోసే సర్జనే నయం. కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మచ్చ చిన్నదైతే కోయకుండా కాల్చేసే పద్ధతి కూడా ఉంది. సూది లాంటి పరికరం గుచ్చి మైక్రోవేవ్ వేడితో కణాలను చంపుతారు. 3 సెంటీమీటర్ల లోపు మచ్చల్లో ఇది ఆపరేషన్‌కు తీసిపోదని, ఇబ్బందులు తక్కువని కొలిజన్ అనే ట్రయల్ 2025లో చూపింది. "ఇందులో కాల్చదగ్గవి ఏమైనా ఉన్నాయా?" అని తప్పకుండా అడగండి. లోతుగా ఉన్న ఒకదాన్ని కాల్చి, పైనున్న రెండింటిని కోసి, రెండూ ఒకే పూట ముగించడం మామూలే.

ఆపరేషన్‌కు ముందు వారాలు

సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు, మద్యం ఇవాళే మానేయాలి. రోజూ నడక, దాంతోపాటు ఊపిరి వ్యాయామం. బరువు తగ్గుతుంటే డైటీషియన్‌ను కలిసి మాంసకృత్తులు పెంచుకోవాలి. లివర్‌కు మంచిదని ఎవరో ఇచ్చే పసర్లు, చూర్ణాలు ఆపేయండి, కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. రక్తం పలుచనయ్యే మాత్రలు, షుగర్ మాత్రలు వాడుతుంటే ఏది ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టరు దగ్గర రాయించుకోండి. సాధారణంగా గట్టి ఆహారం ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపుతారు. మీకు చెప్పిన లెక్క వేరైతే అదే పాటించండి.

ఆ రోజు లోపల జరిగేది

బయట కూర్చున్నవాళ్లకు గంటలు కదలవు, లోపల ఏం జరుగుతోందో తెలిస్తే కాస్త నయం. ముందు కెమెరాతో పొట్టంతా చూస్తారు, స్కాన్‌కు దొరకని చిన్న కణితులు పొర మీద ఉన్నాయేమోనని. తర్వాత సన్నని అల్ట్రాసౌండ్ పరికరాన్ని నేరుగా లివర్ మీదే పెట్టి మచ్చలను, రక్తనాళాలను మళ్లీ లెక్కపెడతారు. కీహోల్‌లో సర్జన్ వేళ్లతో తడిమి చూడలేరు, ఆ లోటు తీర్చేది ఇదే. కొన్నిచోట్ల ఐసీజీ అనే ఆకుపచ్చ రంగు మందు ఇచ్చి ప్రత్యేక వెలుగులో చూస్తారు.

లివర్ కోసేటప్పుడు రక్తం తగ్గించడానికి 1908లో ప్రింగిల్ అనే సర్జన్ చెప్పిన కిటుకునే ఇప్పటికీ వాడతారు. లోపలికి రక్తం తెచ్చే నాళాల కట్టను పట్టీతో బిగించి సుమారు 15 నిమిషాలు ఆపుతారు, 5 నిమిషాలు వదులుతారు. మత్తు డాక్టరు కూడా సెలైన్ తగ్గించి సిరల్లో ఒత్తిడి తక్కువగా ఉంచుతారు. ఆలస్యమైతే కంగారు పడకండి, ఈ పని గడియారం చూసి చేసేది కాదు.

వార్డులో, ఇంట్లో

మొదటి రెండు రోజులు భుజం నొప్పి అంటారు. గుండె నొప్పేమోనని మేం హడలిపోయాం. పొట్టలో నింపిన గాలి డయాఫ్రమ్‌ను కదిలించడం వల్ల వచ్చేది అది, తగ్గిపోతుంది. అయినా ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే నర్సుకు చెప్పాల్సిందే. మర్నాడే లేపి నడిపిస్తారు, "పాపం, పడుకోనివ్వండి" అని అడ్డుపడొద్దు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ కొందరికి ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాల దాకా ఉంటుంది. నొప్పి మాత్రలు డిశ్చార్జ్ సమ్మరీలో రాసిన మోతాదు దాటొద్దు, పారాసెటమాల్ అయినా సరే.

పైకి చిన్న కుట్లే కనబడినా లోపల లివర్ కోత అంతే ఉంటుంది. మనవాళ్లు ఇక్కడే మోసపోతారు. వారానికే బరువులెత్తడం, బండి నడపడం మొదలెడతారు. బరువు పనులు సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు వద్దు, మీ సర్జన్ ఇంకా ఎక్కువ చెబితే అంత.

ఈ కిందివాటిలో ఏది కనబడినా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికి వెళ్లండి. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, చలితో వణుకు. కళ్లు పచ్చబడటం. డ్రెయిన్ గొట్టంలోగానీ గాయంలోగానీ పసుపుపచ్చ, ఆకుపచ్చ ద్రవం రావడం, అది పైత్యరసం కారుతోందనడానికి గుర్తు. ఒక కాలు వాచి నొప్పెట్టడం, హఠాత్తుగా ఆయాసం. మగతగా ఉండి పొంతన లేని మాటలు మాట్లాడటం, ఇది లివర్ సరిగ్గా పనిచేయడం లేదన్న సూచన కావచ్చు. నల్లటి మలం, రక్తపు వాంతి.

ఆ తర్వాతి కాగితం, ఆ తర్వాతి ఏళ్లు

పాథాలజీ రిపోర్టు వచ్చాక రెండు విషయాలు చూడండి: తీసిన ముక్క అంచులో క్యాన్సర్ కణాలు లేవని ఉందా, కీమోకు ఎంత మేర చచ్చాయని రాశారు. అంచు మిల్లీమీటరు శుభ్రంగా ఉన్నా చాలని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. మిగిలిన కీమో అవసరమా అన్నది దీన్ని చూసే తేలుస్తారు.

మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ, సీటీ. తర్వాత కొంచెం ఎడంగా ఐదేళ్ల దాకా. మొదటి ఏడాది చివర కొలనోస్కోపీ. సగం మందికి పైగా జబ్బు మళ్లీ ఎక్కడో ఒకచోట కనబడుతుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. వినడానికి కష్టంగా ఉన్నా ముందే తెలిసి ఉండటం మేలు, ఎందుకంటే మళ్లీ లివర్‌లోనే వస్తే మళ్లీ తీయొచ్చు, కాల్చొచ్చు. కీహోల్‌లో చేసినవాళ్లకు లోపల అతుకులు తక్కువ కాబట్టి రెండోసారి పని కొంత సులువవుతుంది. నా మటుకు కీహోల్‌కు ఉన్న అసలు లాభం ఇదే అనిపిస్తుంది. పొట్ట మీద గీత కనబడకపోవడం అంత పెద్ద విషయం కాదు.

మా బావగారికి పద్నాలుగో నెలలో సీఈఏ కొంచెం కదిలింది. స్కాన్‌లో ఎడమ వైపు ఒకటి, సెంటీమీటరున్నర. ఈసారి సర్జన్ గదిలో మాలో ఎవరూ కీహోల్ మాట ఎత్తలేదు. అక్కయ్య ఫైలు విప్పి, ముందు పాత ఎంఆర్ఐ సీడీ తీసి ఆయన ముందు పెట్టింది.